కార్తీకం నుంచి శివరాత్రి దాకా: పర్సనల్ ట్రైనర్ల చలికాలపు మార్కెట్

డిసెంబరు చివరి వారం వచ్చేసరికి హైదరాబాద్‌లో జిమ్ ఆఫర్లు రోడ్డు పక్క ఫ్లెక్సీల నుంచి అపార్ట్‌మెంట్ల లిఫ్టుల దాకా పాకుతాయి. ఏడాది సభ్యత్వం సగం ధరకే, ఇద్దరు చేరితే మూడో మనిషికి ఉచితం, మూడు నెలలు కడితే ఇంకో మూడు నెలలు అదనం. జిమ్‌లు పట్టిన బాటే పర్సనల్ ట్రైనర్లూ పడతారు. వాట్సాప్ స్టేటస్‌లో ‘న్యూ ఇయర్ ఆఫర్, ఫ్లాట్ 50 శాతం’ అని పెట్టేస్తారు. రెండూ ఒకే హాల్లో నడిచే వ్యాపారాలే కానీ వాటి లెక్కలు వేరు. జిమ్‌కు లాభం తెచ్చే ఎత్తుగడ ట్రైనర్‌ను నష్టాల్లోకి దించగలదు. చలికాలంలో పర్సనల్ ట్రైనింగ్‌ను ఎలా అమ్మాలన్న ప్రశ్నకు వచ్చిన జవాబులనూ, వాటి వెనకున్న ఆధారాలనూ, మన వాతావరణాన్నీ, పంచాంగాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఈ నాలుగు నెలలూ ట్రైనర్‌కు అన్నం పెట్టేది జనవరిలో వచ్చిపడే గుంపు కన్నా, అక్టోబరు నాటికే అతని దగ్గరున్న క్లయింట్లు.

జిమ్ లెక్క, ట్రైనర్ లెక్క

జిమ్ వ్యాపారం చాలావరకు రానివాళ్ల మీద బతుకుతుంది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని మూడు హెల్త్ క్లబ్బుల్లో 7,752 మంది సభ్యుల హాజరు పట్టీలను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు 4.3 సార్లే క్లబ్బుకు వచ్చారు. అంటే వచ్చిన ఒక్కో రోజుకు 17 డాలర్లకు పైగా పడింది. అదే క్లబ్బులో పదిసార్లకు చెల్లే పాసు కొనుక్కుని ఉంటే రోజుకు 10 డాలర్లతో పోయేది. చవక సభ్యత్వాలకు పేరుపడ్డ ప్లానెట్ ఫిట్‌నెస్ సంస్థకు ఒక్కో శాఖలో సగటున 6,500 మంది సభ్యులుంటే, చాలా శాఖల్లో ఒకేసారి పట్టేది 300 మందేనని అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ 2014లో చెప్పింది. కొత్త సంవత్సరం రాత్రి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఊదా, పసుపు రంగుల టోపీలు పంచి ఆ సంస్థ చేసే హడావుడి వెనకున్నది ఈ లెక్కే.

ట్రైనర్ అమ్మేది గంటను. ఈరోజు ఆరు గంటల స్లాటు ఖాళీగా పోతే దాన్ని దాచుకుని రేపు అమ్ముకోలేడు. ఒక ఉదాహరణ చూద్దాం. ఉదయం అయిదు నుంచి పది వరకు అయిదు గంటలు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు మూడు గంటలు, గంటకు ఒకరు చొప్పున ఎనిమిది మంది క్లయింట్లు, నెలకు తలా 8,000 రూపాయలు అనుకుందాం. నవంబరు, డిసెంబరుల్లో వాళ్లలో ముగ్గురు ఆగిపోతే 48,000 పోయినట్టు. జనవరిలో సగం ధర ఆఫరుతో ముగ్గురు కొత్తవాళ్లు చేరితే నెలకు వచ్చేది 12,000. ఆ ముగ్గురూ నాలుగు నెలలు నిలిస్తేనే పోయిన డబ్బు పూడుతుంది. ఈలోగా పూర్తి ధర ఇచ్చే పాత క్లయింటు తిరిగొస్తే అతనికి ఇవ్వడానికి గంట మిగలదు. ఆఫరు ధరకు చేరినవాళ్లు ఆఫరు అయిపోయాక పూర్తి ధర అడిగితే మొహం చిట్లిస్తారు. పూర్తి ధర కట్టిన పాతవాళ్లకు ఆ సంగతి తెలిస్తే వాళ్లూ నొచ్చుకుంటారు.

దీనికి జీఎస్టీ కూడా తోడైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌లు, ఫిట్‌నెస్ సెంటర్ల సేవలపై పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ మాత్రం తీసేశారు. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటని సొంత ట్రైనర్‌కు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు కాబట్టి ఈ కోతతో అతని ధర తగ్గేదేమీ లేదు. జిమ్ బిల్లు మాత్రం క్లయింటు కళ్లకు చవకగా కనబడుతుంది. ధరలో జిమ్‌తో పోటీపడి ట్రైనర్ గెలవడం ఇంకా కష్టమైంది.

చలి ఎవరికి అడ్డు?

చలికాలం మార్కెటింగ్ గురించి ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు మంచు కురిసే దేశాల నుంచి వచ్చినవే. అక్కడి పరిస్థితికి అవి సరిపోతాయి. వాతావరణానికీ శారీరక శ్రమకూ ఉన్న సంబంధంపై టకర్, గిల్లిలాండ్ 2007లో చేసిన సమీక్ష ఎనిమిది దేశాల్లోని 37 అధ్యయనాలను పరిశీలిస్తే, వాటిలో 27 రుతువు ప్రభావం గట్టిగా ఉందని తేల్చాయి. చలి, వాన, చీకటి ఎక్కువైన చోట మనుషుల కదలిక తగ్గుతుంది. అందుకే అక్కడి ట్రైనర్లు వెచ్చని హాలునూ, ఇంట్లో చేసుకునే వ్యాయామాన్నీ అమ్ముతారు.

తెలుగు నేలమీద లెక్క తిరగబడుతుంది. మనల్ని ఇంట్లో కూర్చోబెట్టేది మే నెల ఎండ. డిసెంబరు పగలు హైదరాబాద్‌లో ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. చలిని వెతుక్కుంటూ లంబసింగికి కార్లు కట్టుకుని పోయే జనం మనవాళ్లు. ఇక్కడ అసలు చిక్కు తెల్లవారుజాము. జూన్‌లో హైదరాబాద్‌లో 5:40 ప్రాంతంలో పొద్దు పొడిస్తే, జనవరి మధ్యలో 6:50 దాకా పొడవదు. అయిదున్నర బ్యాచ్ మొత్తం చీకట్లోనే గడిచిపోతుంది. అలారం మోగినా దుప్పటి వదలబుద్ధి కాదు. ఒక రోజు మానితే రెండో రోజు మానడం తేలిక. మూడో రోజుకు ‘సంక్రాంతి తర్వాత వస్తాను బ్రదర్’ అన్న మెసేజ్ వస్తుంది.

అలాంటప్పుడు ఆఫరు ఇచ్చే కంటే టైము మార్చడం మేలు. అయిదున్నర క్లయింటుకు నవంబరు మొదటి వారంలోనే ఏడు గంటల స్లాటు చూపించగలిగితే, అతనికి మానేయాలన్న ఆలోచనే రాకుండా పోవచ్చు. ఇంకా పెద్ద అవకాశం పదకొండు నుంచి నాలుగు దాకా ట్రైనర్లు ఖాళీగా కూర్చునే గంటల్లో ఉంది. మేలో డాబా మీద కాలు పెట్టలేం. డిసెంబరులో పదకొండు గంటల ఎండ ఒంటికి హితంగా ఉంటుంది. రెండు చాపలు, రెండు రెసిస్టెన్స్ బ్యాండ్లు, ఒక జత అయిదు కిలోల డంబెల్స్ ఉంటే అపార్ట్‌మెంటు డాబా శిక్షణకు సరిపోతుంది. పిల్లలకు బాక్సులు కట్టి, స్కూలు బస్సు ఎక్కించి, వంట ముగించుకున్న ఇల్లాలికి ఉదయం ఆరు గంటల బ్యాచ్ ఎప్పుడూ కుదరదు. పదకొండు గంటలది కుదురుతుంది.

ఈ గిరాకీ ఎంత పెద్దదో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలే చెబుతున్నాయి. 2022 నాటికి భారతదేశంలో పెద్దవాళ్లలో సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మగవాళ్లలో అది 42 శాతమైతే ఆడవాళ్లలో 57 శాతం. అరవై అయిదేళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు బలం, నిలకడ పెంచే వ్యాయామాలు చేయాలని అదే సంస్థ 2020 మార్గదర్శకాల్లో సూచించింది. జిమ్‌ల ప్రకటనల్లో కండలు తిరిగిన కుర్రాళ్లే కనిపిస్తారు. డెబ్బై ఏళ్ల పెద్దాయన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం ఏ బోర్డు మీదా కనిపించదు. చలికాలం పగటి స్లాట్లు అమ్మాల్సింది వీళ్లకే. అది వ్యాపారమూ అవుతుంది, ఊరికి మేలూ అవుతుంది.

పంచాంగం చూసుకుని ప్లాను

మన చలికాలం ఒకే తీరుగా నడవదు. కార్తీకంలో చాలా ఇళ్లలో మాంసం, కోడిగుడ్లు ఆగిపోతాయి. సోమవారాలు ఉపవాసాలు. ‘రోజుకు ఆరు గుడ్లు, పావు కిలో చికెన్’ అని రాసిచ్చిన డైట్ చార్టు ఆ నెలంతా వృథా. చార్టు దెబ్బతింటే ‘ఈ నెల వదిలేద్దాం’ అన్న మాట రావడం సహజం. ముందే పెసలు, ఉలవలు, శనగలు, పెరుగు, పన్నీర్, మీల్‌మేకర్‌లతో కార్తీకం చార్టు తయారుచేసి పంపే ట్రైనర్‌కు ఆ చార్టే ప్రకటన. ఇంట్లోవాళ్లు చూస్తారు, పక్కింటివాళ్లు అడుగుతారు.

తర్వాత వచ్చేవి అయ్యప్ప దీక్షలు. నవంబరు మధ్య నుంచి మకరజ్యోతి దాకా తెలుగు ఊళ్లలో నల్లబట్టలు కనిపించని వీధి ఉండదు. నలభై ఒక్క రోజులు చన్నీటి స్నానం, నేలపడక, మధ్యాహ్నం భిక్ష, చెప్పుల్లేని నడక. చాలామంది ఆ దీక్షాకాలంలో జిమ్ మానేస్తారు, చాలామంది ట్రైనర్లు అలాగే వదిలేస్తారు. కానీ ఆ దీక్ష చివర ఒక కొండ ఉంది. పంబ నుంచి సన్నిధానానికి దాదాపు అయిదు కిలోమీటర్లు, నీలిమల, అప్పాచిమేడు దగ్గర నిటారుగా ఎక్కాలి. దారి పొడవునా అత్యవసర వైద్య కేంద్రాలు, ఆక్సిజన్ పార్లర్లు పెట్టాల్సి వచ్చిందంటే గుండెల మీద పడే భారం ఎంతో ఊహించవచ్చు. పదకొండు నెలలు కుర్చీలో కూర్చున్న నలభై అయిదేళ్ల ఉద్యోగి ఒక్కసారిగా ఆ కొండ ఎక్కుతాడు. అతనికి ట్రైనర్ పంపాల్సిన మెసేజ్ ఇలా ఉండొచ్చు:

‘స్వామీ, మాల వేసుకున్నారని తెలిసింది. మీ టైము మీకే ఉంచుతాను. దీక్షలో పెద్ద బరువులు వద్దు. వారానికి మూడు రోజులు మెట్లు, మోకాళ్ల వ్యాయామాలు అరగంట చేద్దాం. బీపీ ఒకసారి డాక్టరుకు చూపించుకుని రండి. కొండ తేలిగ్గా ఎక్కి రావాలి.’

ఇందులో డిస్కౌంటు లేదు. అవతలి మనిషి ఇప్పుడు ఏ పనిలో ఉన్నాడో తెలిసినవాడి పలకరింపు ఉంది. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు నడిచి ఎక్కాలనుకునేవాళ్లకూ ఇదే తరహా శిక్షణ పనికొస్తుంది. ధనుర్మాసంలో, వైకుంఠ ఏకాదశి ముందు అలాంటివాళ్లు ప్రతి కాలనీలో ఉంటారు.

ధనుర్మాసంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు, మాఘంలో జోరందుకుంటాయి. కాబట్టి పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్ల కోసం ప్యాకేజీ అమ్మాల్సిన సమయం నవంబరు, డిసెంబరు. జనవరి చివర్లో వచ్చి ‘మూడు వారాల్లో సన్నబడాలి’ అనేవాళ్లకు నిజాయితీగా చేయగలిగింది తక్కువ. ఫిబ్రవరి, మార్చిల్లో ఇంటర్, టెన్త్ పరీక్షలు మొదలైతే ఆ పిల్లల తల్లిదండ్రుల టైమ్‌టేబుల్ మొత్తం మారిపోతుంది. వాళ్లకు వారానికి మూడు రోజుల ప్లానును రెండు రోజులకు తగ్గించి నిలుపుకోవడం, మొత్తంగా పోగొట్టుకోవడం కన్నా నయం.

జనవరి ఒకటి, కనుమ మర్నాడు

కొత్త ఏడాది తీర్మానాలను తీసిపారేయడానికి లేదు. హెంగ్‌చెన్ డై, క్యాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం వారం, నెల, సంవత్సరం మొదలయ్యే రోజుల్లో జిమ్ హాజరు నిజంగానే పెరుగుతుంది. పాత తప్పులు పాత ఖాతాలో పడి, కొత్త పుస్తకం తెరుచుకున్నట్టు మనిషికి అనిపిస్తుందని వాళ్ల వివరణ. చిక్కల్లా ఆ ఊపు ఎన్నాళ్లు ఉంటుందన్నదే. వ్యాయామాలు నమోదు చేసుకునే స్ట్రావా యాప్ జనవరి రెండో శుక్రవారాన్ని తీర్మానాలు వదిలేసే రోజుగా ప్రచారంలోకి తెచ్చింది. ఆ శుక్రవారం 8 నుంచి 14వ తేదీల మధ్య పడుతుంది. సరిగ్గా మన బస్టాండ్లు సంక్రాంతి జనంతో కిటకిటలాడే రోజులు. హైదరాబాద్‌లో జనవరి 1న చేరిన మనిషి పన్నెండో తేదీకి రాజమండ్రికో కరీంనగర్‌కో బయల్దేరతాడు. అక్కడ అరిసెలు, సకినాలు, కోడి కూర, మధ్యాహ్నం నిద్ర. తిరిగొచ్చేసరికి తీర్మానం చల్లబడి ఉంటుంది.

ఇక్కడ పనికొచ్చే ఆధారం ఇంకొకటి ఉంది. మిల్క్‌మన్ బృందమే 2021లో నేచర్ పత్రికలో ఒక భారీ ప్రయోగం ప్రచురించింది. 24 అవర్ ఫిట్‌నెస్ అనే జిమ్ సంస్థకు చెందిన 61,293 మంది సభ్యులపై 54 రకాల ఉపాయాలు ప్రయత్నించారు. వాటిలో 45 శాతం ఉపాయాలు వారపు హాజరును 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. అన్నింటికన్నా బాగా పనిచేసినది, మానేసిన తర్వాత తిరిగొచ్చినవాళ్లకు కొన్ని సెంట్ల విలువైన చిన్న బహుమతి ఇవ్వడం. నాలుగు వారాల ప్రయోగం అయిపోయాక కూడా ప్రభావం నిలిచినవి 8 శాతమే. తిరిగి రావడాన్ని సులువు చేస్తే మనుషులు వస్తారు, కానీ ఆ పని ఒక్కసారి చేసి ఊరుకుంటే చాలదు.

కాబట్టి ట్రైనర్ల క్యాలెండర్‌లో జనవరి ఒకటి కన్నా కనుమ మర్నాడు ముఖ్యమైన రోజు కావాలి. పండక్కి వెళ్లే ముందు ప్రతి క్లయింటుకూ పావుగంటలో చేయగలిగే వీడియో ఒకటి: ఇరవై స్క్వాట్లు, గోడకు ఆనుకుని పుషప్‌లు, ప్లాంక్, ఊళ్లో అరగంట నడక. తిరిగొచ్చే తేదీకి స్లాటు ముందే రాసిపెట్టుకుని, ముందురోజు సాయంత్రం ఒక ఫోన్. పండగ తిండి గురించి భయపెట్టడం మాత్రం మానుకోవాలి. అమెరికాలో 195 మంది మీద జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో థ్యాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా సగటున పెరిగిన బరువు 0.37 కిలోలే. అయితే ఆ కొద్దిపాటి బరువు తర్వాత తగ్గకుండా ఏడాదికేడాది పేరుకుంటుందన్నది అసలు ఆందోళన. ‘అయిదు కిలోలు పెరిగిపోయారా?’ అని భయపెట్టే పోస్టరుకు ఈ లెక్క ఒప్పుకోదు. ‘పండగ ముందు ఎంత ఉన్నారో అంతే ఉందాం’ అన్న మాటకు మాత్రం ఒప్పుకుంటుంది.

పదిన్నర గంటల దూరం

చలికాలం నిజంగా చీకటి తెచ్చేది అమెరికా తెలుగువాళ్లకు. డిసెంబరులో న్యూజెర్సీలో నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది. శీతాకాలపు దిగులును వైద్యపరంగా మొదట వివరించిన నార్మన్ రోసెంథాల్ బృందం 1984లో అమెరికాలోనే ఆ పని చేసింది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి జరిగాక భారత్‌తో తూర్పు తీరానికి తేడా పదిన్నర గంటలు అవుతుంది. గుంటూరులో ఉదయం ఆరున్నర అంటే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ముందు రోజు రాత్రి ఎనిమిది, డల్లస్‌లో ఏడు. వేసవిలో ఇవే తొమ్మిది, ఎనిమిది. అంటే ఇక్కడ ఉదయపు క్లయింట్లు పలచబడే వేళకే అక్కడివాళ్లకు ఆ స్లాటు ఒక గంట ముందుకొచ్చి మరింత అనువవుతుంది. తెలుగులో, మన తిండి తెలిసినవాళ్లు వీడియో కాల్‌లో చేయించే శిక్షణకు అక్కడ విలువ ఉంటుంది. భంగిమను చేత్తో సరిదిద్దే వీలు లేదు కాబట్టి ఫోన్‌ను నడుము ఎత్తున, పక్క నుంచి పెట్టించడం, తేలిక బరువులతో మొదలుపెట్టించడం ట్రైనర్ బాధ్యత.

దీనికి అనుబంధంగా ఇంకో గిరాకీ కూడా ఉంది. పిల్లలు అక్కడ, తల్లిదండ్రులు ఇక్కడ. విజయవాడలో అమ్మానాన్నల మోకాళ్ల కోసం డల్లస్ నుంచి ఫీజు కట్టే కొడుకులు, కూతుళ్లు కోరుకునేది వారానికొక చిన్న నివేదిక: ఎన్ని రోజులు చేశారు, బీపీ ఎంత, మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం తగ్గిందా.

మాట, పూచీ

జనవరి ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే వాగ్దానం ‘30 రోజుల్లో 10 కిలోలు’. వారానికి అర కిలో నుంచి కిలో లోపు తగ్గడం సురక్షితమని వైద్య సంస్థలు చెబుతుంటే, ఈ వాగ్దానం ఆరోగ్యానికే కాదు, చట్టానికీ ఎదురుపోయేది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. 2022లో కేంద్రం ఇలాంటి ప్రకటనలపై విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతలు వెల్లడించాలని 2023లో ప్రకటనల ప్రమాణాల మండలి నిబంధన పెట్టింది. ‘ముందు, తర్వాత’ ఫొటోలు వాడాలంటే క్లయింటు రాతపూర్వక అనుమతి తీసుకోవడం మర్యాద, జాగ్రత్త కూడా.

అంతకన్నా పెద్ద పూచీ ప్రాణాల మీద. చలిలో రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. వార్మప్ లేకుండా తెల్లవారుజామున పరుగెత్తించడం గుండెజబ్బు, షుగర్ ఉన్నవాళ్లకు ప్రమాదం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని తేల్చింది. జనవరిలో కొత్తగా చేరే నడివయసు వాళ్లలో అలాంటివాళ్లు తప్పక ఉంటారు. చేరిన రోజే ఆరోగ్య ప్రశ్నపత్రం నింపించడం, అనుమానముంటే డాక్టరు దగ్గరికి పంపడం, వార్మప్‌ను పది పదిహేను నిమిషాలకు పెంచడం కనీస విధులు. చలి ఉదయాల్లో పొగమంచుతో పాటు దుమ్మూ కిందికి దిగి నిలబడుతుంది. ఆరుబయట బ్యాచ్ నడిపేవాళ్లు కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో దగ్గర్లోని కేంద్రం సూచీ చూసి, బాగా లేని రోజు క్లాసును లోపలికి మార్చాలి. ‘ఈరోజు గాలి బాగాలేదు, హాల్లో చేద్దాం’ అన్న మెసేజ్‌కు వచ్చే నమ్మకం ఏ రీలుకూ రాదు.

ఈ పనులన్నీ ట్రైనర్ ఒక్కడి మీదే వేయడం అన్యాయం. చాలా జిమ్‌ల్లో ట్రైనర్‌కు టార్గెట్ అంటే కొత్త ప్యాకేజీల అమ్మకమే. పాత క్లయింటు రెన్యువల్‌కు అదే స్థాయిలో కమీషన్ ఉండదు. దాంతో డిసెంబరులో జారిపోతున్న మనిషికి ఫోన్ చేసే ఓపిక కన్నా, జనవరిలో కొత్తవాళ్ల వెంటపడే తొందర ఎక్కువవుతుంది. అక్టోబరు 1న రిజిస్టర్‌లో ఉన్న క్లయింట్లలో శివరాత్రి నాటికి ఎంతమంది మిగిలారన్న లెక్క చూసి, దాని మీదే చలికాలం ఇన్సెంటివ్ ఇస్తామని జిమ్ యజమానులు ముందే ప్రకటించవచ్చు. సొంతంగా పనిచేసే ట్రైనర్లు అదే లెక్కను నోట్‌బుక్‌లో పేరుపేరునా రాసుకుని, మానేసినవాళ్ల ఎదుట కారణం కూడా వేసుకుంటే, వచ్చే ఏడాది నవంబరులో ఏ స్లాటు మార్చాలో, ఎవరికి కార్తీకం చార్టు పంపాలో ఆ పేజీలోనే దొరుకుతుంది.